వానలో వాల్ డోర్చా, చేతి నిండా పిండి

నవంబరులో ఇటలీలోని టస్కనీ వెళ్తే వాన పడుతుందని తెలీక కాదు, మనం తిరిగే రోజు పడదులే అని ఒక మొండి నమ్మకం, అంతే. సియెనాలో కారెక్కేటప్పుడు తుంపర. బువోన్‌కొన్వెంతో దాటేసరికి వైపర్లు ఎంత కొట్టుకున్నా ముందున్న ట్రాక్టరు కనపడనంత జోరు. వాల్ డోర్చా అనే ఈ లోయకి 2004లో యునెస్కో గుర్తింపు వచ్చింది కదా, ఆ సైప్రస్ చెట్లు, ఆ కొండల మడతలు చూద్దామనే ఇంత దూరం వస్తే సాన్ క్విరికో దగ్గర నాకు కనిపించినవి సరిగ్గా ఐదు చెట్లు, వాటి వెనక అంతా తెల్లటి పొగమంచు.

అది చాలదన్నట్టు మా ఆయన ఫోన్‌లో మ్యాప్ చూపించిందని 'స్ట్రాదా బియాంకా' మీదకి తిప్పారు. అంటే తారు లేని తెల్ల కంకర రోడ్డన్నమాట, ఎండలో ఫోటోలకి బావుంటుంది గానీ వానకి అంటుకుంటే వదలని జిగురు బురద అయిపోతుంది. "ఏవండీ, వెనక్కి తిప్పేద్దాం" అని నేను నాలుగోసారి అనేలోపు టైరు జారనే జారింది.

పియెంజాలో అరగంట. పోప్ రెండో పియస్ తను పుట్టిన కోర్సిన్యానో అనే పల్లెని 1459 నుంచి కొత్తగా కట్టించి తన పేరే పెట్టేసుకున్నాడు, అదే ఈ ఊరు. గొడుగు తిరగబడుతుంటే చర్చి ఏం చూస్తాం, వాసన పట్టుకుని జున్ను కొట్లో దూరాం. పెకొరీనో, గొర్రెపాల జున్ను. వాల్‌నట్ ఆకుల్లో చుట్టి మాగబెట్టింది ఒక ముక్క కొన్నాం.

భోజనానికి ఒక అగ్రితురిజ్మో, అంటే పొలం వాళ్ళే నడిపే ఇల్లూ హోటలూ కలిసిన చోటు. వంటగది రెండున్నరకి కట్టేస్తారట, మేం రెండూ ఇరవైకి తడిసి ముద్దై నిలబడ్డాం. అక్కడి మామ్మగారు మమ్మల్నీ, కారునీ ఎగాదిగా చూసి "పియోవే, గొవెర్నో లాద్రో!" అంది. వాన పడుతోంది, దొంగ ప్రభుత్వం అని. వానొచ్చినా ప్రభుత్వాన్నే తిట్టడం అక్కడి పాత సామెత, నాకు భలే నచ్చింది.

పొయ్యి పక్క బల్ల మీద ఆవిడ పిచి చేస్తోంది, అంటే చేత్తో చేసే లావుపాటి పాస్తా. పిండి, నీళ్ళు, అంతే, చాలామంది గుడ్డు కూడా వెయ్యరు. చిన్న ముద్ద తుంచి, బల్ల మీద అరచేత్తో ముందుకీ వెనక్కీ పాముతూ, రెండో చేత్తో కొస లాగుతూ పోతుంటే అది మూరెడు సాగింది, అచ్చం దీపానికి వత్తి చేసినట్టే. నన్నూ ప్రయత్నించమంది. నాది మధ్యలో లావు, చివర సన్నం, మూడుసార్లు తెగింది. అయినా పారెయ్యకుండా అదే గిన్నెలో వేసేసింది. పైన అల్యోనే సాసు. అల్యోనే అంటే పిడికెడంత ఉండే పెద్ద వెల్లుల్లి, ఘాటు మాత్రం తక్కువ, టమాటాలో కరిగిపోయేదాకా ఉడికిస్తారు.

బ్రెడ్డు చప్పగా ఉంటే ఉప్పు మర్చిపోయారేమో అనుకున్నా. కాదట, టస్కనీ బ్రెడ్డుకి ఉప్పే వెయ్యరు. దాని మీద అప్పుడే గానుగ నుంచి తెచ్చిన ఆలివ్ నూనె, పచ్చగా, మిరియం నమిలినట్టు గొంతులో చురుక్కుమంటుంది, పక్కన ఉప్పటి పెకొరీనో. అప్పుడర్థమైంది ఆ చప్పదనం ఎందుకో. బ్రెడ్డేమీ ఫ్రీ కాదులెండి, 'కొపెర్తో' అని మనిషికి 2 యూరోలు బిల్లులో పడింది.

తిన్నాక చలికి మా ఆయన కపుచినో అడిగారు. మామ్మగారు ఆగిపోయి, కడుపులో బాలేదా అన్నట్టు పొట్ట మీద చెయ్యి పెట్టి చూపించింది. భోజనం తర్వాత పాల కాఫీ ఏమిటని! చివరికి తెచ్చిందిలెండి, కానీ ఆయన ఆఖరి గుక్క తాగేదాకా గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది.