5ఈ3 హమ్: 14 మిల్లీవోల్టుల నుంచి 6కి దిగింది, అక్కడే మొండికేసింది

5ఈ3 అంటే ఫెండర్ ట్వీడ్ డీలక్స్ గిటార్ ఆంప్ సర్క్యూట్. ఆ సర్క్యూట్‌తో ఉన్న నా ట్యూబు ఆంప్‌ది ఈ హమ్ గొడవ. రెండు వాల్యూములూ సున్నాలో ఉన్నా స్పీకర్ గుయ్‌మంటూనే ఉంది. పగలు ట్రాఫిక్‌లో కలిసిపోతుంది గానీ, బెంగళూరు ఫ్లాట్లలో రాత్రి పది దాటాక పక్క గదిలోకి కూడా వినిపించే చప్పుడది. టోన్ ఇంత బాగా లేకపోతే ఈ ఆంప్‌ని ఈపాటికి పక్కన పెట్టేయొచ్చు. గిటార్ వాల్యూమ్ కాస్త తగ్గించగానే శుభ్రపడే ఆ తీరు, గట్టిగా మీటితే ముందు అణిగి తర్వాత ఉబ్బే ఆ నోటు, ఇవి దొరికాక వదలబుద్ధి కాదు.

సర్క్యూట్ 1950ల ట్వీడ్ డీలక్స్‌దే. ట్యూబులివి: ఒక 12ఏవై7 (వీ1, మొదటి దశ), ఒక 12ఏఎక్స్7 (వీ2), స్పీకర్‌ని నడిపే రెండు 6వి6జీటీలు, ఏసీని డీసీగా మార్చే 5వై3 రెక్టిఫయర్. వీ1లో 12ఏఎక్స్7 తీసి అసలు ఉండాల్సిన 12ఏవై7 పెట్టాక వాల్యూమ్ నాలుగు దాకా క్లీన్‌గా వస్తోంది. ఆ పని అయిపోయినట్టే.

ఇక హమ్ సంగతి. స్పీకర్ టెర్మినల్స్ మీద ఏసీ 14 మిల్లీవోల్టులు. ఈ స్పీకర్ సెన్సిటివిటీ ఎక్కువ కాబట్టి ఇది బాగానే వినబడుతుంది. ముందు తేల్చాల్సింది 50 హెర్ట్‌జా, 100 హెర్ట్‌జా అన్నది. మన కరెంటు 50, రెక్టిఫయర్ దాటాక మిగిలే అలజడి 100. అది తేల్చడానికి స్కోప్ అక్కర్లేదు. ఆరో తీగ మూడో ఫ్రెట్ 98 హెర్ట్‌జ్. హమ్ దాంతో శ్రుతి కలిస్తే రెక్టిఫయర్ వైపు తప్పు, దానికి ఒక స్థాయి కింద ఉంటే హీటర్ (ట్యూబుని వేడెక్కించే తీగ) గానీ ట్రాన్స్‌ఫార్మర్ గానీ. అమెరికా గైడ్లలో 60, 120 అని ఉంటుంది, ఆ శ్రుతులు మన దగ్గర పనికిరావు. ఇక్కడ స్పష్టంగా మూడో ఫ్రెట్‌తోనే కలిసింది, అంటే 100.

వీ1 పీకితే 14 కాస్తా 13.5 అయింది, కాబట్టి దాని పాత్ర దాదాపు లేదు. వీ2 కూడా పీకితే 11. అంటే గొడవ ఎక్కువగా పవర్ స్టేజిలోనే. పుష్‌పుల్‌లో రెండు 6వి6లూ సమానంగా కరెంటు లాగితే, బీప్లస్ (ట్యూబులకిచ్చే హై వోల్టేజ్ డీసీ) మీద మిగిలే అలజడి, అంటే రిపుల్, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లో ఒకదాన్నొకటి కొట్టేసుకోవాలి. కొట్టేసుకోవడం లేదంటే కరెంట్లు తేడాగా ఉన్నాయన్నమాట.

ఇక్కడ చాలామంది తప్పుగా కొలుస్తారు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ (ట్యూబుల వైపు చుట్ట) రెండు సగాల మీద వోల్టేజ్ డ్రాప్ చూసి, అంకెలు దగ్గరగా ఉంటే మ్యాచ్ అయినట్టే అనుకుంటారు. కానీ ఆ సగాల డీసీ రెసిస్టెన్స్ సమానంగా ఉండదు, బయటి పొరల్లో చుట్టిన సగానికి తీగ ఎక్కువ పడుతుంది. ఈ ట్రాన్స్‌ఫార్మర్లో ఒకటి 171 ఓములు, ఇంకొకటి 192. ఆంప్ ఆపి, కెపాసిటర్లు డిస్‌చార్జ్ చేసి, చల్లగా ఉన్నప్పుడు కొలిచిన విలువలివి. తర్వాత సెంటర్ ట్యాప్‌కీ (రెండు సగాలు కలిసే చోటు) ప్లేట్ పిన్ 3కీ మధ్య మీటర్‌ని క్లిప్పులతో తగిలించి, అప్పుడు ఆన్ చేయాలి. 360 వోల్టుల దగ్గర ప్రోబ్ చేత్తో పట్టుకుని కొలవొద్దు. డ్రాప్‌లు 6.9, 6.1 వోల్టులు. రెసిస్టెన్స్‌తో భాగిస్తే 40.4, 31.8 మిల్లీఆంపులు. ప్లేట్ నుంచి క్యాథోడ్‌కి 342 వోల్టులు కాబట్టి మొదటి ట్యూబు 13.8 వాట్లు, రెండోది 10.9. 6వి6జీటీ గరిష్ఠం 14 వాట్లు, మొదటిది అంచు మీద నడుస్తోంది. ట్యూబులు అటూ ఇటూ మారిస్తే తేడా వాటితో పాటే వెళ్లింది. ట్రాన్స్‌ఫార్మర్ తప్పు లేదు.

పెట్టె మీద మాత్రం ‘మ్యాచ్‌డ్ పెయిర్’ అనే ఉంది. ఏ వోల్టేజ్ దగ్గర, ఎంతసేపు వేడెక్కాక కొలిచారో రాయని స్టిక్కర్‌ని నమ్మలేం. కొత్త జత 36.5, 35.2 వచ్చింది. డ్రాప్‌లు 6.2, 6.8. చూడ్డానికి తేడాగా కనిపిస్తున్నాయి, నిజానికి చక్కటి మ్యాచ్. హమ్ (వీ2 లేకుండా) 11 నుంచి 5కి పడింది.

రెండో అనుమానం మొదటి ఫిల్టర్ కెపాసిటర్ మీద. 16 మైక్రోఫారడ్లు అన్నది 60 హెర్ట్‌జ్ దేశంలో ఎంచుకున్న విలువ. మన 50 దగ్గర అదే కెపాసిటర్ మీద రిపుల్ దాదాపు ఐదో వంతు ఎక్కువ. కొలిస్తే 9.6 వోల్టుల ఏసీ. 22 పెడితే 7.1, హమ్ 4. ఇంకా పెంచి 47 పెట్టాలనిపిస్తుంది కానీ 5వై3 అంత భారం ఓర్చుకోదు, పీక్ కరెంటు పెరిగి రెక్టిఫయర్ ఆయుష్షు తగ్గుతుంది. పైగా గట్టిగా మీటితే అణిగి ఉబ్బే ఆ ‘సాగ్’ కూడా పోతుంది, దానికోసమే కదా ట్యూబు రెక్టిఫయర్. బెంగళూరు ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో 22 మైక్రో 450 వోల్టులవి రేడియల్ (రెండు కాళ్లూ ఒకే వైపు) తేలిగ్గా దొరుకుతాయి. యాక్సియల్ (కాళ్లు చెరో వైపు) కావాలంటే ఎఫ్ అండ్ టీ బ్రాండ్‌వి తెప్పించుకోవడమే మంచిది.

వీ2 తిరిగి పెడితే 7. వీ2లోని ఫేజ్ ఇన్వర్టర్ (సిగ్నల్‌ని రెండు 6వి6ల కోసం విడదీసే భాగం) క్యాథోడ్ యాభై వోల్టులకు పైనే ఉంటుంది, హీటర్ గ్రౌండ్ దగ్గర ఉంటే లీకేజీకి దారి దొరుకుతుంది. హీటర్ సెంటర్ ట్యాప్‌ని గ్రౌండ్ నుంచి విప్పి 6వి6 క్యాథోడ్‌కి, అంటే 19 వోల్టులకి, కలిపితే 6 అయింది. అక్కడితో ఆగిపోయింది.

ఇప్పుడు శ్రుతి కూడా మారింది, మూడో ఫ్రెట్‌కి ఒక స్థాయి కింద. రెక్టిఫయర్‌తో సహా అన్ని ట్యూబులూ పీకి, ఒక్క పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కే కరెంటిచ్చి చూస్తే స్పీకర్ మీద 3 మిల్లీవోల్టులు! ట్యూబే లేని ఆంప్‌లో హమ్. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం నేరుగా అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లోకి దూకుతోంది. రెండింటి మధ్య ఆరు సెంటీమీటర్లే, కోర్లు కూడా ఒకే దిశలో ఉన్నాయి. (ఈ మిల్లీవోల్టులు నేరుగా కూడవు, 6లోంచి 3 తీసేస్తే 3 మిగులుతుందని అనుకోవద్దు.)

బొటీక్ ఆంప్ (చిన్న తయారీదారులు చేసేది) ఎంచుకునేవాళ్లు అందుకే గట్స్ (లోపలి భాగాల) ఫోటోలో ముందు ట్రాన్స్‌ఫార్మర్లు ఎటు తిరిగి ఉన్నాయో చూడాలి. కెపాసిటర్ ఏ బ్రాండ్ అన్నది తర్వాత. రెండోది పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ (ఇంటి కరెంటు వచ్చే చుట్ట). 240 ట్యాప్ ఉందా, 50/60 అని రాసి ఉందా? ఇక్కడ రాత్రిళ్లు లైన్ 243 చూపిస్తోంది. 120 వోల్టుల ఆంప్‌ని 230:120 స్టెప్‌డౌన్ మీద నడిపితే 127 వెళ్తుంది, 60 హెర్ట్‌జ్‌కే చుట్టిన కోర్ అయితే ఆ వోల్టేజ్‌కి మన 50 కూడా తోడై కాగిపోతుంది. విక్టోరియా 20112 గానీ ఫెండర్ ’57 కస్టమ్ డీలక్స్ గానీ అమెరికా నుంచి ఎవరి చేతనైనా తెప్పించుకునే ముందు ఈ ఒక్కటి ఖాయం చేసుకోవాలి.

6వి6 బ్రాండ్లలో జేజే గట్టిదే, కానీ ఈ సర్క్యూట్‌లో కాస్త బిగుసుగా వినబడుతుంది. టంగ్‌సోల్ రీఇష్యూకే నా ఓటు.

తర్వాతి పని హెడ్‌ఫోన్ పరీక్ష. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ వైర్లన్నీ విప్పి, బోల్టులు తీసి, సెకండరీకి (స్పీకర్ వైపు చుట్టకి) హెడ్‌ఫోన్ తగిలించి, షాసీ మీద మెల్లగా తిప్పుతూ చప్పుడు పూర్తిగా పడిపోయే కోణం వెతకాలి. తొంభై డిగ్రీల దగ్గర దొరుకుతుందని ఆశ, అప్పుడు కొత్త రంధ్రాలు రెండే చాలు. దొరక్కపోతే స్పీకర్ వైపుకి జరపాలి, క్యాబినెట్‌లో అక్కడ నాలుగు సెంటీమీటర్ల చోటుంది. అదయ్యాక జెన్సెన్ పీ12క్యూ, సెలెస్టియన్ బ్లూ స్పీకర్లు రెండూ పక్కపక్కన పెట్టి వినాలి.