రాళ్లు దొరకని ఊళ్లో రాళ్ల నగలు

కోనసీమలో మా అంబాజీపేట వైపు ఎంత లోతు తవ్వినా ఒండ్రుమట్టే. గునపానికి ఠంగుమని తగిలే రాయి ఉండదు. ఇంటి పునాదికి రాయి కావాలన్నా, రోడ్డుకి కంకర కావాలన్నా మెట్ట నుంచి లారీలో రావాల్సిందే. అలాంటి చోట కూర్చుని ముడి స్ఫటికాలతో నగలు చేస్తానంటే మా అత్తగారు, "కొబ్బరి చిప్పలతో చేసుకోకూడదటమ్మా, పెరడంతా అవేగా!" అన్నారు. ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. చిప్పలతో చేసేవాళ్లున్నారు, బాగా చేస్తారు కూడా. నాకు మాత్రం రాయి మీదికే మనసు పోయింది. సానబట్టి, అన్నీ ఒకే కొలతకి తెచ్చిన రాయి కాదు. గనిలోంచి ఎలా వచ్చిందో అలాగే, అంచులూ గరుకూ లోపలి పగులూ కనపడే రాయి.

మొదట అందరిలాగే ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. ఊదారంగు అమెథిస్ట్, గులాబీరంగు రోజ్ క్వార్ట్జ్, పసుపు సిట్రిన్, ఫ్లోరైట్, సెలెనైట్ అన్నీ కలిపిన ప్యాకెట్. వచ్చినవాటిలో సిట్రిన్ అని రాసి ఉన్నవి కొసన మాడిన నారింజ రంగులో, మొదట్లో పాలతెలుపుతో ఉన్నాయి. అమెథిస్ట్‌ని నాలుగైదు వందల డిగ్రీల్లో కాలిస్తే ఊదా పోయి పసుపు వస్తుంది. బజారులో దొరికే చౌక సిట్రిన్‌లో ఎక్కువ అలా తయారైనదే. రెండూ క్వార్ట్జ్, అంటే పలుగురాయి జాతే కాబట్టి రాయి అబద్ధం కాదు, సహజం అని వేసిన రేటే అబద్ధం. అందులోనే ఒక నీలం రాయి వచ్చింది. నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ముంచిన దూదితో తుడిస్తే దూదే నీలం అయింది. రంగు వేసిన రాళ్లలో రంగు పగుళ్ల వెంట గీతలుగా ఎక్కువ చిక్కగా కనపడుతుంది. ఒకసారి పట్టి చూశాక ఇక కన్ను మోసపోదు. ఆ షాపువాళ్లకి మెసేజ్ పెడితే చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపి ఊరుకున్నారు.

గట్టిదనం సంగతి కూడా ఆ ప్యాకెట్‌తోనే బోధపడింది. గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా లెక్కేసే మోస్ కొలతలో క్వార్ట్జ్ 7, ఫ్లోరైట్ 4, సెలెనైట్ 2. మన గోరు రెండున్నర దాకా ఉంటుంది, అంటే సెలెనైట్ మీద గోటితో గీత పెట్టొచ్చు. పైగా అది జిప్సం, నీళ్లలో కొద్దికొద్దిగా కరుగుతుంది. చెమట, వాన, అంట్లు తోమే చేతులు ఉన్న మనలాంటి వాళ్లకి సెలెనైట్ ఉంగరం అంటే డబ్బులు కాలవలో వేసినట్టే. అందుకే ఉంగరాలకీ గాజులకీ క్వార్ట్జ్ జాతి తప్ప ఇంకేదీ పెట్టను. మెత్తవి లాకెట్లకే. అమెథిస్ట్‌ని కిటికీలో ఎండకి పెట్టను, రంగు వెలిసిపోతుంది.

ఇక తీగ. యూట్యూబ్ వీడియోల్లో చూపించే రాగి తీగ చుట్టలు మా ఊళ్లో ఏ ఫ్యాన్సీ షాపులోనూ లేవు. అయితే కోనసీమలో రొయ్యల చెరువులున్నన్నాళ్లు రాగి తీగకి కొరత లేదు. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల మోటార్లు కాలిపోతూనే ఉంటాయి, వైండింగ్ షాపులు నడుస్తూనే ఉంటాయి. అక్కడి అబ్బాయి తూకానికి అమ్మాడు. ఇక్కడ ఒక తిరకాసుంది, ఎవరూ చెప్పరు. తీగ మందానికి చెప్పే నంబరే గేజ్. వీడియోల్లో 20 గేజ్ అంటే అమెరికా లెక్క, సుమారు 0.81 మిల్లీమీటర్లు. వైండింగ్ షాపులో 20 నంబరంటే బ్రిటిష్ లెక్క, 0.91. కాబట్టి వీడియోలో 20 అంటే మన షాపులో 21 అడగాలి. సన్నపు 28 అంటే ఇక్కడ 30 అడగాలి. ఈ ముక్క తెలియకపోతే ఎంత లాగినా తీగ వంగదు, లోపం మన వేళ్లలో ఉందనుకుంటాం.

మోటారు తీగకి పైన వార్నిష్ పూత ఉంటుంది. కరెంటు కోసం వేసిన ఆ పూత మా ఉప్పుగాలికి వరమే అయింది. ఊరికే ఉంచిన రాగి మా దగ్గర వానాకాలంలో చూస్తుండగా నల్లబడుతుంది. పూత ఉన్నది అలాగే మెరుస్తూ ఉంటుంది, మెడ మీద పచ్చమరక కూడా పడదు. కాకపోతే ప్లయర్ పళ్లు తగిలితే పూత లేచిపోతుంది, అందుకని ప్లయర్ ముక్కులకి టేపు చుట్టుకోవాలి. ఈ తీగని నిప్పు దగ్గరికి తీసుకెళ్లకూడదు, పూత కాలిన పొగ మంచిది కాదు. కాల్చి మెత్తబరచాల్సిన పనికి పూత లేని తీగే కావాలి. దానికి మా వీధి చివర కంసాలి బాబాయి ఉన్నారు. లావు తీగని కమ్మచ్చు అనే ఇనప పలక బెజ్జాల్లోంచి లాగి నాకు కావలసినంత సన్నం చేసిస్తారు. లాగేకొద్దీ బిరుసెక్కుతుంది కాబట్టి మధ్యలో కుంపట్లో ఎర్రబడేదాకా కాల్చి నీళ్లలో ముంచుతారు. ఇనుమైతే అలా ముంచితే గట్టిపడుతుంది, రాగి మాత్రం మెత్తగా లొంగుతుంది.

అసలు కష్టం రాయిని పట్టి ఉంచడంలో ఉంది. బెజ్జం వేస్తే సులువే, నేను వేయను. వేస్తే అది మామూలు పూస అయిపోతుంది. ఇంకో కారణం, క్వార్ట్జ్ దుమ్ము. గుజరాత్‌లోని ఖంభాత్‌లో తరతరాలుగా క్వార్ట్జ్ జాతికే చెందిన అకీకు రాళ్లు సానబట్టేవాళ్లకి ఆ దుమ్ముతోనే సిలికోసిస్ వచ్చి ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయి. ఇంట్లో పిల్లలు తిరిగే చోట పొడి దుమ్ము లేపే పని పెట్టుకోకూడదని మొదటే అనుకున్నాను. ఎక్కడైనా అంచు మరీ కోసుకుపోయేలా ఉంటే పళ్లెంలో నీళ్లు పోసి, ఆ నీళ్లలోనే ఆకురాయితో రెండు రుద్దులు రుద్ది వదిలేస్తాను.

బెజ్జం లేదు, జిగురు లేదు. జిగురు నాకు ఇష్టం లేదు, మా చెమటకి ఏడాదిలో పసుపెక్కి ఊడిపోతుంది. ఇక మిగిలింది తీగ చుట్టడమే. అమెథిస్ట్ మొన ఒకటి తీసుకుంటే పైన వెడల్పు, కింద సన్నం. ఎటు చుట్టినా జారుతుంది. వీడియోల్లో ఉన్న డిజైన్లన్నీ చూశాను, అందరిదీ అదే చెట్టు, అదే చంద్రవంక. నోటుబుక్కు పెట్టుకుని కూర్చుంటే ఏమీ రాలేదు.

వచ్చింది అమ్మమ్మగారింట్లో ఉట్టి చూసినప్పుడు. వెన్న కుండకి బెజ్జం వేయరు, జిగురు పెట్టరు. అడుగున చిన్న చుట్ట, దాన్నుంచి నాలుగు తాళ్లు పైకి, కుండ పొట్ట దాటాక పక్క తాడుతో ముడి, పైన అన్నీ ఒకటై దూలానికి. కుండ బరువే ముడుల్ని బిగిస్తుంది. అదే రాగి తీగతో చేశాను. జానెడు పొడవున్న ముక్కలు నాలుగు, మధ్యలో సన్న తీగతో కట్టేసి విప్పితే ఎనిమిది కాళ్లు వస్తాయి. రాయిని అందులో నిలబెట్టి కాళ్లని పైకి మడిచి, రాయి నడుము దగ్గర సన్న తీగతో రెండు చుట్లు. నడుము అంటున్నానే, సానబట్టని ప్రతి రాయికీ దాదాపుగా ఒకటుంటుంది. వేళ్ల మధ్య మెల్లగా తిప్పుతూ ఉంటే ఒక చోట వేలు ఆగుతుంది. మొదటి చుట్టు అక్కడ పడాలి. నడుము లేని రాయిని పక్కన పెట్టేస్తాను, దాంతో పోట్లాడను. అంతా అయ్యాక చెవి దగ్గర పెట్టి ఊపాలి. లోపల టిక్కుమని శబ్దం వస్తే ఎక్కడో వదులుంది. అప్పుడు ముందువైపు తీగని ప్లయర్ కొసతో పట్టుకుని కొంచెం మెలితిప్పితే, తీగ వంకర తిరిగి పొట్టిదవుతుంది, రాయి బిగుసుకుంటుంది. చూసేవాళ్లు ఆ వంకరే డిజైన్ అనుకుంటారు.

అక్కణ్నుంచి కళ్లు వేరేగా చూడడం మొదలుపెట్టాయి. కనుమ నాడు జగ్గన్నతోటకి చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే దేవుణ్ని నిలిపి మోసుకొచ్చే వెదురు చట్రాలు వస్తాయి కదా, అందరూ దణ్ణం పెట్టుకుంటుంటే నేను వెదురు బద్దని అర్ధచంద్రంగా వంచి అడ్డ బద్దలకి ఎలా కట్టారో చూస్తూ నిలబడ్డాను. మా ఆయన వచ్చి చెయ్యి పట్టుకు లాగేదాకా కదల్లేదు. ఆ చట్రం లాకెట్‌గా వచ్చింది: లావు తీగ అర్ధచంద్రం, లోపల అడ్డుగా సన్న తీగలు, మధ్యలో చిన్న స్ఫటికం. ఉత్త తీగలతో బోసిగా ఉంటే ప్రభకి చుట్టినట్టే ఎర్రదారం, పచ్చదారం చుట్టాను. ఎక్కువ అమ్ముడుపోయేది అదే.

లేసు సంగతి పిన్నిది. పిన్ని వాళ్లది నర్సాపురం. సఖినేటిపల్లిలో పంటు పడవ ఎక్కి గోదావరి వశిష్ఠ పాయ దాటితే అవతల గట్టే. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు నూరేళ్లకి పైగా లేసు అల్లుతున్నారు, 2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. "పిన్నీ, దారం బదులు దీంతో అల్లగలవా?" అని 30 నంబరు తీగ ఇస్తే, రెండు కన్నులు వేసి, "వేలు కోస్తోందే!" అని విసిరేసింది. మళ్లీ తనే తీసుకుంది. దారమైతే వదులైనా మళ్లీ లాగి సరిచేసుకోవచ్చు. తీగ ఒకసారి వంగితే ఆ వంపు గుర్తు పెట్టుకుంటుంది, విప్పి మళ్లీ అల్లితే పుటుక్కున తెగుతుంది. పిన్ని కనిపెట్టిన ఉపాయం ఏంటంటే కొక్కెం మామూలు కంటే పెద్దది తీసుకోవడం, కన్నులు వదులుగా వేయడం, చివర్లో రాయి పెట్టాక మొత్తం ఒక్కసారి లాగడం. గులాబీ క్వార్ట్జ్‌ని అలాంటి రాగి లేసు సంచిలో పెట్టి చూస్తే నాకు మాట రాలేదు. పిన్ని మాత్రం "మజూరీ ఎంతిస్తావ్?" అనే అడిగింది. మంచి ప్రశ్న. లేసు అల్లినవాళ్లకి చేతికొచ్చేదెంతో, అమ్మినవాళ్లకి మిగిలేదెంతో తన వయసంతా చూసిన మనిషి. తన వంతు ముందే మాట్లాడుకున్నాం.

రాళ్లు కొనడం తగ్గింది ఇసుక వల్ల. పక్కింటి వాళ్లు స్లాబు వేసుకుంటుంటే జల్లెడ పట్టగా మిగిలిన గులకరాళ్లు కుప్పగా పోశారు. పిల్లలు ఆడుకుంటూ ఒక రాయి తెచ్చి చూపిస్తే, ఎండకి ఎత్తి పట్టుకుంటే తేనెరంగులో వెలుగు లోపలికి దిగింది. అకీకు, అంటే అగేట్. గోదావరి త్ర్యంబకం నుంచి సముద్రం దాకా 1,465 కిలోమీటర్లు వస్తుంది. అందులో ముందు భాగమంతా నల్లరాయి దక్కన్ పీఠభూమి. ఆరున్నర కోట్ల ఏళ్ల నాటి లావా గడ్డకట్టినప్పుడు లోపల మిగిలిన బుడగల్లో సిలికా పేరుకుని అగేటూ అమెథిస్టూ తయారయ్యాయి. ఆ రాయి అరిగి ఊడినవి నదిలో దొర్లుకుంటూ ఇసుక తవ్వే ర్యాంపుల దాకా వస్తాయి. నేను డబ్బులిచ్చి కొరియర్‌లో తెప్పించుకున్నవాటి చుట్టాలు మా వీధిలో సిమెంటు బస్తాల పక్కన పడి ఉన్నాయి. నది సానబట్టింది కాబట్టి ఇవి నున్నగా ఉంటాయి, ముడిరాయి అనొచ్చో లేదో. అనే అమ్ముతున్నాను. గుర్తుపట్టడం తేలిక: తడిపి, వెలుగుకి ఎత్తి చూడాలి. వెలుగు దిగితే పక్కన పెట్టుకోవాలి. ఎక్కడ ఇల్లు కడుతున్నా నేను ఆగి చూస్తానని మేస్త్రీలకి తెలిసిపోయింది. రొయ్యల సంచుల్లో కట్టి పంపుతున్నారు, అందులో సగం ఇటుక ముక్కలే అనుకోండి.

పూత లేని తీగతో చేసినవి కొన్ని కావాలనే నల్లబరుస్తాను. మందులేం కొననక్కర్లేదు. ఉడికించిన గుడ్డు వేడివేడిగా చిదిపి మూత బిగుతుగా ఉండే డబ్బాలో నగతో పాటు పెడితే, గుడ్డులోని గంధకానికి కొన్ని గంటల్లో రాగి నల్లబడుతుంది. గుడ్డు నగకి తగలకూడదు, అంతే. తర్వాత చింతపండు రసం వేలికి రాసుకుని ఎత్తుగా ఉన్న చోట్ల రుద్దితే అక్కడ మాత్రం ఎరుపు తేలుతుంది, సందుల్లో నలుపు మిగిలి అల్లిక స్పష్టంగా కనపడుతుంది.

అమ్మడం దగ్గరికొస్తే, మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఏ రాశివాళ్లు పెట్టుకోవాలి?" రెండోది, "ఎన్ని గ్రాములు, తరుగెంత?" మొదటిదానికి, చూడ్డానికి బాగుంటే ఎవరైనా పెట్టుకోండి అంటాను. రోగాలు తగ్గుతాయనీ డబ్బొస్తుందనీ చెప్పి అమ్మితే రెట్టింపు రేటొస్తుందని సలహా ఇచ్చినవాళ్లున్నారు. నాకు నోరు రాదు. రెండోదానికి జవాబు చెప్పడం కష్టం. తూకం మీద నగ కొనే అలవాటున్న ఊళ్లో రాగికి ఇంత మజూరీ ఏమిటంటే ఏం చెప్తాం? ఇప్పుడు అడిగినవాళ్ల చేతికి ఒక రాయి, జానెడు తీగ ఇచ్చి చుట్టమంటున్నాను. బేరం చాలావరకు అక్కడే ఆగుతోంది.

ఇంకా తెగనిది చెవిపోగుల గొడవ. సానబట్టని రాళ్లలో ఒకదానిలాంటిది ఇంకోటి ఉండదు. రంగు కలిస్తే పొడుగు కలవదు, పొడుగు కలిస్తే మొన వంకర. డిగ్రీ చదివే ఆడపిల్లలు అలా వేరువేరుగా ఉండడమే బాగుందని తీసుకుంటారు. పక్కన వాళ్లమ్మలుంటే మాత్రం, "జత సరిగ్గా లేదమ్మా, ఒకటి మార్చివ్వు" అంటారు. చూపుకి కాకపోయినా బరువుకి సరిపోవాలి, లేకపోతే ఒక చెవి లాగుతుంది. అందుకని కంసాలి బాబాయి త్రాసు అరువు తెచ్చుకుని రాళ్లు తూస్తున్నాను. ఒక్కోటి ఐదు గ్రాములు దాటనివే చెవులకి. జత దొరకనివి లాకెట్లకి పోతున్నాయి.