సముద్రం పక్కనున్న ఇంటికి మదర్‌బోర్డు

మాది విశాఖపట్నం లాసన్స్ బే కాలనీ. రెండో అంతస్తు. తూర్పు కిటికీ తీస్తే సముద్రపు గాలి నేరుగా గదిలోకి వస్తుంది. ఇంటికొచ్చిన వాళ్లందరూ ‘ఎంత అదృష్టం’ అంటారు, నాకూ ఆ గాలంటే ప్రాణం. కానీ గ్రిల్స్‌కి రెండేళ్లకోసారి తుప్పు గీకి రంగు వేయించాలి. ఫ్రిజ్ అడుగున రేకు పొరలుగా ఊడిపోయింది. అదే గాలి కంప్యూటర్‌ని కూడా తింటుందని ఈ ఏడాదే నాకు బాగా అర్థమైంది.

ఇంట్లో కూర్చుని పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. ఫొటోగ్రాఫర్లు హార్డ్‌డిస్కులు తెచ్చిస్తారు, నేను షీట్లు తయారుచేసి పంపిస్తాను. నా కంప్యూటర్ 2017లో కొన్నది. ఇంటెల్ ఏడో తరం ఐ5 7400 ప్రాసెసర్, హెచ్110 మదర్‌బోర్డు (ప్రాసెసర్, ర్యామ్, డిస్కులు అన్నీ కలిసే పెద్ద పలక), 16 జీబీ ర్యామ్. అంతకుముందున్నది 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చిన రోజు కిటికీ అద్దం పగిలి వానలో తడిసి పోయింది. అందుకే దీన్ని మొదటి నుంచీ జాగ్రత్తగా చూసుకున్నాను.

మొన్న ఆగస్టులో ఒకరోజు ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతోంది, స్క్రీన్ మీద మాత్రం ఏమీ రావడం లేదు. ర్యామ్ తీసి, బంగారు రంగు పళ్లని పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెడితే వచ్చింది. పది రోజులకి మళ్లీ అదే. మూడోసారి బోర్డు మొత్తం బయటికి తీసి టార్చి వేసి చూశాను. వెనక యూఎస్‌బీ పోర్టుల చుట్టూ తుప్పు, ర్యామ్ స్లాట్ల దగ్గర టంకాల మీద పచ్చగా చిలుము. గాలిలోని ఉప్పు బోర్డు మీద పేరుకుని తేమని లాగుతుంది. ఆ తడి ఉప్పుపొర మీద కరెంటు పారుతుంటే రాగినీ తగరాన్నీ తుప్పు కొద్దికొద్దిగా తినేస్తుంది. రబ్బరుతో రుద్దితే ర్యామ్ పళ్లు బాగుపడతాయి, స్లాటు లోపలి పిన్నులు బాగుపడవు.

పైగా 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. నా ప్రాసెసర్ విండోస్ 11 జాబితాలో లేదు, ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే అందులో ఉన్నాయి. మా ఫొటోగ్రాఫర్ ఒకాయన “నా దగ్గర ఎనిమిదో తరం ప్రాసెసర్ ఖాళీగా ఉంది, పెట్టేసుకోమ్మా” అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. అయితే సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) పేరు రెండింటికీ 1151 అయినా, హెచ్110 బోర్డులో ఎనిమిదో తరం పనిచేయదు. బోర్డు, ప్రాసెసర్ రెండూ మార్చక తప్పలేదు.

ద్వారకానగర్‌లో నాకు అలవాటైన షాపు కుర్రాడు వెంటనే లెక్క రాసేశాడు. “బోర్డుకెందుకక్కా అంత పెట్టడం? హెచ్610 వేసేద్దాం, మిగిలింది ప్రాసెసర్ మీద పెట్టండి.” హెచ్610 అంటే చవక బోర్డుల్లో వాడే చిప్‌సెట్, అంటే డిస్కుల్నీ పోర్టుల్నీ ప్రాసెసర్‌తో కలిపే చిప్. చాలామందికి అది సరైన సలహాయే. ఇంట్లో పిల్లల చదువుకి, ఆఫీసు పనికి హెచ్610 హాయిగా సరిపోతుంది. నాకు సరిపోతుందో లేదో ఇంటికెళ్లి చూసుకుని చెప్తానన్నాను.

ఆ రాత్రి కాగితం తీసుకుని, నా బోర్డుకి రోజూ ఏమేం గుచ్చుతానో రాశాను. లోపల హార్డ్‌డిస్కులు మూడు, పాత ఎస్‌ఎస్‌డీ ఒకటి, అంటే వాటి కేబుళ్లు గుచ్చే శాటా పోర్టులు నాలుగు. కొత్తగా ఎన్‌వీఎంఈ (బోర్డు మీదే గుచ్చే, ఇంకా వేగమైన ఎస్‌ఎస్‌డీ) ఒకటి ఇప్పుడే కావాలి, ఇంకొకటి తర్వాత వేస్తాను. వెనక కీబోర్డు, మౌస్, పెన్ ట్యాబ్లెట్, కార్డ్ రీడర్, ప్రింటర్, యూపీఎస్ కేబుల్. అవి కాక ఒక్కోసారి ఇద్దరు ఫొటోగ్రాఫర్ల డిస్కులు ఒకేసారి కాపీ పెట్టాలి. కార్తీకంలో అయితే రోజూ అదే పని.

ఇక ర్యామ్. ఆల్బమ్ షీటు 12 అంగుళాలు ఎత్తు, 36 అంగుళాలు వెడల్పు. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అంటే 3,600 పిక్సెళ్లు ఇటు, 10,800 అటు. ఫొటోషాప్‌లో ఒకదాని మీద ఒకటి పరిచే పొరల్లో, అంటే లేయర్లలో, ఒక్కటే దాదాపు 117 ఎంబీ. అలాంటివి పదీ పదిహేను లేయర్లు పెట్టి, పక్కన కెమెరా నుంచి నేరుగా వచ్చే రా ఫైళ్లు తెరిస్తే 16 జీబీ నిండిపోతుంది. అప్పుడు ఫొటోషాప్ డిస్కు మీద రాసుకోవడం మొదలుపెడుతుంది, బ్రష్ ఒకచోట, గీత ఇంకోచోట. నాకు కనీసం 32 కావాలి.

హెచ్610 బోర్డుల్లో ర్యామ్ స్లాట్లు రెండే. ప్రాసెసర్‌కి నేరుగా కలిసే ఎం.2 స్లాటు (ఎన్‌వీఎంఈ గుచ్చే చోటు) ఆ చిప్‌సెట్‌లో ఉండదు. నేను చూసిన వాటిలో ఎం.2 ఒక్కటే ఉంది. అక్కడితో అది నా జాబితాలోంచి పోయింది.

మా తమ్ముడు బెంగళూరు నుంచి ఫోన్ చేసి “ఏఎమ్‌డీ ఏఎం5 తీసుకోక్కా, ఆ సాకెట్‌ని కనీసం 2027 దాకా నడుపుతామన్నారు, రేపు ప్రాసెసర్ ఒక్కటీ మార్చుకోవచ్చు” అన్నాడు. ఏఎమ్‌డీ ఇంటెల్‌కి పోటీ కంపెనీ, ఏఎం5 దాని సాకెట్. వాడు చెప్పింది నిజమే. హెచ్610 లాంటి బోర్డుల్లో ఉండే ఇంటెల్ 1700 సాకెట్‌కి ముందు దారి లేదు, కొత్తవి 1851కి వెళ్లిపోయాయి. నా సంగతి మాత్రం వేరు. ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా ప్రాసెసర్ మార్చలేదు. ఇక్కడి గాలిలో ప్రాసెసర్ పాతబడేలోపు బోర్డే పోతుంది. పైగా ఏఎం5కి డీడీఆర్5 అనే కొత్త రకం ర్యామే వేయాలి. నేను వెతుకుతున్న రోజుల్లోనే ర్యామ్ ధరలు వారం వారం ఎక్కుతున్నాయి. ఏఐ సర్వర్ల కోసం కంపెనీలు మెమరీ చిప్‌లని ఎగబడి కొంటుంటే ఆ వేడి ద్వారకానగర్ దాకా తగిలింది. పొద్దున చెప్పిన రేటు సాయంత్రానికి లేదు. నా పాత డీడీఆర్4 ర్యామ్ కర్రలు రెండూ రుద్దితే మెరుస్తున్నాయి, పనిచేస్తున్నాయి. వాటిని పక్కన పడేయడానికి మనసొప్పలేదు.

అలా హెచ్610 కంటే పై మెట్టు చిప్‌సెట్ అయిన బి760 దగ్గర ఆగాను. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. బి760 బోర్డుల్లో డీడీఆర్4వి వేరు, డీడీఆర్5వి వేరు. పేర్లు ఒకేలా ఉంటాయి, చివర్లో ‘డి4’ అనో ‘డీడీఆర్4’ అనో చిన్నగా ఉంటుంది. ర్యామ్ గాడి వేరే చోట ఉంటుంది కాబట్టి ఒకదానిది ఇంకోదానికి దిగదు. పెట్టె మీద చదవకుండా డబ్బు కట్టొద్దు.

మూడు మోడళ్ల మాన్యువల్స్ డౌన్‌లోడ్ చేసుకుని చదివాను. ఈ పని చేసినందుకు ఇప్పటికీ సంతోషంగా ఉంది. ఒకదానిలో రెండో ఎం.2లో శాటా రకం ఎస్‌ఎస్‌డీ పెడితే ఒక శాటా పోర్టు పనిచేయదని చిన్న అక్షరాల్లో ఉంది. ఇంకోదానికి వెనక యూఎస్‌బీలు నాలుగే. మూడోది మైక్రో ఏటీఎక్స్ (కొంచెం చిన్న సైజు బోర్డు), ర్యామ్ స్లాట్లు నాలుగు, ఎం.2 రెండు, శాటా నాలుగు, వెనక యూఎస్‌బీలు ఆరు. ప్రాసెసర్‌కి కరెంటు సర్దే వీఆర్ఎం మీద రెండు వైపులా హీట్‌సింక్ ఉంది. మేలో మధ్యాహ్నం ఈ గదిలో ఏసీ లేకుండా ఎక్స్‌పోర్ట్ పెడతాను. నేను తీసుకున్న పద్నాలుగో తరం ఐ5 14400 పూర్తి లోడులో 148 వాట్ల దాకా లాగగలదు, ఆ వేడిని ముందు మోసేవి వీఆర్ఎం భాగాలే. హెచ్610కీ దీనికీ తేడా అప్పట్లో 4,500 రూపాయలు. చివర్లో ‘ఎఫ్’ ఉన్న ప్రాసెసర్ చవక, కానీ దానికి డిస్‌ప్లే ఇచ్చే గ్రాఫిక్స్ ఉండదు. నాకు విడిగా కార్డు లేదు కాబట్టి ‘ఎఫ్’ లేనిదే తీసుకున్నాను.

అసెంబ్లీ నేనే చేసుకున్నాను. పాత క్యాబినెట్, కరెంటు ఇచ్చే పాత ఎస్‌ఎంపీఎస్ అవే. అన్నీ బిగించి ఆన్ చేస్తే స్క్రీన్ రాలేదు. గుండె జారింది. పెట్టె మీద తేదీ చూస్తే 2023 మొదట్లో తయారైన బోర్డు, పద్నాలుగో తరం ప్రాసెసర్లు ఆ ఏడాది అక్టోబర్ నుంచే రావడం మొదలైంది. లోపలి బయాస్‌కి, అంటే కంప్యూటర్‌ని మొదలుపెట్టే ప్రోగ్రాముకి, నా ప్రాసెసర్ ఎవరో తెలియదు. అదృష్టం బాగుండి వెనక బయాస్ ఫ్లాష్ బటన్ ఉన్న మోడల్ ఎంచుకున్నాను. పాత కంప్యూటర్‌లో ఇక ప్రాణం మిగల్లేదు, అందుకని కింద ఇంటివాళ్ల ల్యాప్‌టాప్ అడిగి తెచ్చుకుని, పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, కొత్త బయాస్ ఫైలు అందులో వేసి, దాని పేరు మాన్యువల్‌లో చెప్పినట్టు మార్చి, బటన్ నొక్కాను. చిన్న ఎర్ర లైటు ఆరు నిమిషాలు మిణుకు మిణుకుమంది. ఆ ఆరు నిమిషాలూ కరెంటు పోకూడదని దేవుణ్ణి తలుచుకుంటూ కూర్చున్నాను, ఎందుకంటే మా వీధిలో నమ్మకం లేదు. లైటు ఆరింది. మళ్లీ ఆన్ చేస్తే స్క్రీన్ వచ్చింది.

మర్నాడు, ఎనిమిదో తరం ప్రాసెసర్ ఇస్తానన్న ఆ ఫొటోగ్రాఫర్ దగ్గరే వాడని 8 జీబీ డీడీఆర్4లు రెండు దొరికాయి. నాలుగు కలిపి 32. అన్నీ నెమ్మది కర్ర వేగం 2400 దగ్గరే నడుస్తాయి, నాకు చాలు. రాత్రంతా మెమరీ టెస్ట్ పెట్టాను, ఒక్క తప్పూ రాలేదు.

షాపులో బిల్లు ఇస్తూ ఒక సంగతి చెప్పారు: మూడేళ్ల వారంటీ ఉన్నా తుప్పు కనబడితే తీసుకోరట. అందుకని టేబుల్‌ని తూర్పు కిటికీ దగ్గర్నుంచి లోపలి గోడకి మార్చాను. వాడని పోర్టులకి రబ్బరు మూతలు పెట్టాను. పని లేని రోజు కూడా సాయంత్రం రెండు గంటలు ఆన్ చేసి ఉంచుతున్నాను, లోపల గాలి వెచ్చబడితే దానిలో తేమ శాతం తగ్గుతుంది, బోర్డు మీద చెమ్మ నిలవదు. నెలకోసారి మూత తీసి, టార్చి వేసి ర్యామ్ స్లాట్ల దగ్గర చూస్తాను. మొన్న ఆదివారం చూశాను. టంకాలన్నీ తెల్లగా మెరుస్తూనే ఉన్నాయి.