చార్మినార్ రూపాయికి చోటు

"ఇది ఇందులో పెట్టనమ్మా. ఇది ఇటలీలో కలవలేదు కదా!" తాతయ్య ఇచ్చిన నిజాం వెండి రూపాయిని మా అమ్మాయి పక్కకు జరిపింది. ఆ ఆల్బమ్‌లో ఉన్నవన్నీ 1861కి ముందు, ఇటలీ ఇంకా ఒక్కటి కానప్పటి సంస్థానాల వెండి నాణేలు.

పిల్లల సేకరణలో పెద్దలు వేలు పెట్టకూడదని స్నేహితులకు చెప్పేదాన్ని నేనే. ఈ రూపాయి దగ్గర మాత్రం నాకు పంతం వచ్చింది. హైదరాబాదుకూ సొంత టంకశాల ఉండేది, సొంత రూపాయి ఉండేది, 1948లో అదీ ఒక పెద్ద దేశంలో కలిసింది అని వాదించాను. చార్మినార్ ద్వారం మధ్యలో ఉస్మాన్ అలీ పేరులోని మొదటి అక్షరం ఉంటుంది చూడమని భూతద్దం చేతికిచ్చాను. చాలాసేపు చూసింది. బాగుందంది. ఆల్బమ్‌లో మాత్రం పెట్టలేదు.

తన నాణేల గురించి అడిగితే చాలు, ఆగదు. పార్మా ఐదు లీరెల మీద మరియా లుయీజా, నెపోలియన్ భార్య. కొట్టింది పార్మాలో కాదు, మేముండే ఊళ్లో, "మన మిలాన్‌లోనే" అంటుంది. నేపుల్స్ వెండి నాణెం పియాస్త్రాను వేళ్ల మధ్య తిప్పి అంచు మీద లాటిన్ అక్షరాలు చదివిస్తుంది. దాని విలువ 120 గ్రానాలు. 1862లో కొత్త లీరా వచ్చాక 5 లీరెల 10 చెంతేజిమిగా (లీరాలో నూరో వంతు) లెక్కగట్టారట. ఈ లెక్క విని మా నాన్న ఫోన్‌లో ఉత్సాహపడిపోయారు. "మాకూ అంతే తల్లీ, ఆఖరికి 7 హాలీలకు 6 రూపాయలు" అన్నారు. హాలీ అంటే నిజాం రూపాయి. మా నాయనమ్మ సంతలో హాలీకీ, బ్రిటిష్ ఇండియా రూపాయి కల్దారుకూ తేడా ఎలా లెక్కపెట్టేదో ఆయన చెబుతుంటే అమ్మాయి కాగితం మీద గీసుకుంది. నేను గంటసేపు వాదించినా రాని ఆసక్తి అది.

పిల్లలకు మన సంగతులు చెప్పాలంటే వాళ్ల ఇష్టంలోంచే దారి తీయాలని ఇక్కడ రాద్దామనుకున్నాను. కానీ అది నిజంగా తన ఇష్టాన్ని గౌరవించడమేనా, లేక నా బెంగను ఆ ఆల్బమ్‌లోకి దొంగదారిన చొప్పించడమా? నాకు తేలడం లేదు.

ఇప్పుడు దాని కన్ను 1848 మిలాన్ ఐదు లీరెల మీద పడింది. ఆస్ట్రియా సేనల్ని ఐదు రోజుల పోరులో తరిమాక తాత్కాలిక ప్రభుత్వం కొట్టిన నాణెం. 'ఇటాలియా లీబెరా' అని రాసి ఉంటుంది. ఆగస్టుకల్లా ఆస్ట్రియా తిరిగొచ్చేసింది. ఆదివారం ఇక్కడి వీయా అర్మొరారి వీధి నాణేల సంతలో అడుగుదామంటోంది. ధర తక్కువేమీ కాదు. కొనిస్తే దాన్ని ఇంకొంచెం ఇటలీ వైపు నెట్టినదాన్నవుతానేమో అనిపిస్తుంది. కొనివ్వకపోతే దేనికోసం ఆపానో దానికి చెప్పలేను. మా నాన్నేమో పొద్దున్నే ఫోన్ చేసి ఆ నాణెం బరువెంతో, ధర ఎక్కడిదాకా తగ్గించవచ్చో అడుగుతున్నారు.