మందు పోసింది ట్యాంకులో, జబ్బు ఉన్నది చక్రంలో

మా నాన్న 2014లో కొన్న 1.2 లీటర్ల పెట్రోల్ కారును రెండేళ్లుగా నేను నడుపుతున్నాను. మా ఇల్లు విజయవాడ పటమటలో, ఉద్యోగం గుంటూరులో. వారంలో మూడు రోజులు వారధి దాటి మంగళగిరి మీదుగా వెళ్లి వస్తాను. మిగతా రోజుల్లో పాపను స్కూల్లో దింపడం, రైతుబజారు, ఇలా రెండు మూడు కిలోమీటర్ల తిరుగుళ్లే.

పోయిన వేసవిలో, 90 వేల కిలోమీటర్లు దాటాక, బండి ఇబ్బంది పెట్టడం మొదలుపెట్టింది. పొద్దున్నే స్టార్ట్ చేసి కదిలించగానే రెండు మూడు కుదుపులు. బెంజ్ సర్కిల్ దగ్గర ఏసీ వేసుకుని ఆగితే ఆర్‌పీఎం జారిపోయి, ఆగిపోతుందేమో అన్నట్టు ఇంజిన్ వణికేది. హైవే మీద లీటరుకు 17 కిలోమీటర్లు ఇచ్చేది 13కి పడిపోయింది. నాన్న పన్నెండు నెలలూ కంటికి రెప్పలా చూసుకున్న బండి అది. నా చేతికి వచ్చాక పాడవుతోందంటే మనసు ఒప్పుకోలేదు.

అంతకు ముందు సర్వీసులో బిల్లు మీద ‘ఫ్యూయల్ సిస్టమ్ క్లీనింగ్’ అని 1,400 రూపాయలు వేశారు. ఏం క్లీన్ చేశారని అడిగితే ట్యాంకులో పోశామంటూ ఒక ఖాళీ సీసా చూపించారు. పెట్రోల్‌లో కలిపితే ఇంజిన్ లోపలి మడ్డిని కడుగుతుందని చెప్పి అమ్మే మందు అది. విప్పి చూసిందేమీ లేదు. ఆ తర్వాత నెలలో బంకు కుర్రాడు ‘ఇది పోయించండి సార్, మైలేజీ పెరుగుద్ది’ అంటూ ఇంకో చిన్న సీసా ఇచ్చాడు. అదీ పోయించాను.

అప్పటినుంచి ఒక నోటుబుక్కు పెట్టాను. ఒకే బంకు, ఒకే పంపు, గన్ దానంతటది కట్ అయ్యేదాకా ఫుల్ ట్యాంకు. మళ్లీ ఫుల్ చేయించినప్పుడు తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించడం. మీటర్ మీద కనిపించే మైలేజీని నమ్మడం కంటే ఇదే నయం. బంకులో పోసిన సీసాకు ముందు 13.2, తర్వాత 13.3. సిగ్నల్ దగ్గర వణుకు అలాగే ఉంది.

ఇక లాభం లేదని జవహర్ ఆటోనగర్‌లో నాన్నకు తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ముప్పై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాడు, మేమంతా బాబాయ్ అంటాం. రెండు సీసాలు పోయించానని చెప్పగానే ఏమీ అనలేదు. ముందు స్కానర్ పెట్టాడు, లోపం చూపించే కోడ్ ఏదీ రాలేదు. ఎయిర్ ఫిల్టర్ పైపు ఊడదీసి లోపలికి టార్చి వేసి నన్ను చూడమన్నాడు. ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీలో తిరిగే పళ్లెం అంచు చుట్టూ కాటుక పట్టినట్టు నల్లటి జిడ్డు.

“ఇటునించి వెళ్లేది గాలి బాబూ. పెట్రోల్ ఇంకా ముందుకెళ్లాక కలుస్తది. పెట్రోల్ వెళ్లని చోటికి పెట్రోల్‌లో పోసిన మందు ఎట్లా పోద్ది?”

నాకు అక్కడే విషయం అర్థమైంది. ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే క్రాంక్‌కేసు నుంచి వెనక్కి వచ్చే ఆయిల్ ఆవిరి, గాలిలో మిగిలిన సన్నటి దుమ్ము కలిసి ఆ జిడ్డు పేరుకుంటుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇంజిన్‌కు గాలి అందేది ఆ అంచు దగ్గరున్న సన్నటి సందులోంచే. అది పూడుకుంటే ఏసీ లోడు పడగానే ఇంజిన్ ఉక్కిరిబిక్కిరి అవుతుంది. అరగంటలో స్ప్రే కొట్టి గుడ్డతో తుడిచాడు, బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే వేగాన్ని (ఐడిల్) స్కానర్‌తో సరిచేశాడు. స్పార్క్ ప్లగ్గుల గ్యాప్ అరిగి పెద్దదైందని నాలుగూ మార్చాడు. ఆ సాయంత్రం ఏసీ పెట్టుకునే బెంజ్ సర్కిల్‌లో ఆగాను. వణుకు లేదు.

మైలేజీ మాత్రం 14 దాటలేదు. మళ్లీ వెళ్లాను. ఈసారి బానెట్ ఎత్తనే లేదు. ఏలూరు రోడ్డు మీద ఎనికేపాడు దాకా పోయి, వీలైనంత వరకు బ్రేకు తొక్కకుండా రమ్మన్నాడు. వచ్చాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూశాడు. ముందు ఎడమ చక్రం మిగతా మూడింటి కంటే బాగా వేడెక్కి ఉంది. బ్రేకు ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్‌లో పిన్ను తుప్పు పట్టి జామ్ అయింది. పెడల్ వదిలినా ప్యాడ్ వెనక్కి రాకుండా డిస్కును రాసుకుంటూనే ఉంది. అంటే నేను ఇన్నాళ్లూ ఒక చక్రానికి బ్రేకు వేసి గుంటూరు వెళ్లి వస్తున్నాను! పిన్ను శుభ్రం చేసి గ్రీజు పెట్టి, ప్యాడ్లు మార్చాక తర్వాతి ట్యాంకుకు 16 వచ్చింది.

పాత 17కి తగ్గిన ఆ ఒక్క కిలోమీటరూ ఎక్కడ పోయిందా అంటే, కొంత పెట్రోల్‌లోనే ఉంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపినది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ. పాత 10 శాతం నుంచి 20కి మారితేనే లెక్క ప్రకారం మూడు నాలుగు శాతం తగ్గుతుంది. ఏ సీసా పోసినా అది తిరిగి రాదు.

పొద్దుటి కుదుపు మాత్రం కొద్దిగా ఉండిపోయింది. బాబాయ్ అప్పుడన్నాడు, “ఇప్పుడు పోయించు నీ మందు. మంచిది చూసి పోయించు.”

నా కారులో ఇంజెక్టర్ పెట్రోల్‌ను, సిలిండర్‌లోకి గాలిని వదిలే ఇన్‌టేక్ వాల్వు వెనక చిమ్ముతుంది. వేడి ఇంజిన్‌ను ఆపేశాక ఇంజెక్టర్ కొసన మిగిలిన చుక్క ఆ వేడికి మాడి గట్టిపడుతుంది. రోజుకు నాలుగైదు సార్లు చిన్న దూరాలు తిరిగి ఆపే నాలాంటి వాళ్ల బళ్లలో ఇది ఎక్కువ. వాల్వు వెనక పేరుకున్న మడ్డి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పెట్రోల్‌ను స్పాంజిలా పీల్చుకుంటుంది. పొద్దుటి కుదుపు అందువల్లే. పెట్రోల్ తగిలే చోటు కాబట్టి ఇక్కడ మందుకు పని ఉంది. ఇవన్నీ మోసమని కొట్టిపారేయడం కూడా సరికాదు. అమెరికాలో 1995 నుంచి పెట్రోల్‌లోనే ఇలాంటి డిటర్జెంట్ కలపడం తప్పనిసరి.

సీసా కొనేటప్పుడు చూడాల్సిన పేరు పాలీఈథర్ అమీన్, పొట్టిగా పీఈఏ. దీని అణువులో ఒక కొస మడ్డిని పట్టుకుంటుంది, మిగతా తోక పెట్రోల్‌లో కరిగి దాన్ని లాక్కుపోతుంది. దహన గదిలోని వేడికి కూడా తట్టుకుంటుంది. లేబుల్ మీద ‘పవర్ పెరుగుతుంది’ అన్న మాటలు తప్ప లోపల ఏముందో రాయని సీసాలను నేను కొనను.

ఫుల్ ట్యాంకుకు ఒక సీసా పోసి రెండు సార్లు గుంటూరు వెళ్లొచ్చాను. సగం ట్యాంకు అయ్యేసరికి కుదుపు తగ్గింది, ఆ ట్యాంకు అయిపోయేసరికి పోయింది. మైలేజీ 16.2. ఆ తేడా ట్రాఫిక్ వల్ల కూడా వస్తుంది కాబట్టి దాన్ని మందు ఖాతాలో వేయను. ఇప్పుడు పది వేల కిలోమీటర్లకు ఒకసారి, ఆయిల్ మార్చే ముందు ట్యాంకులో పోస్తున్నాను. ప్రతి ట్యాంకుకూ పోయడం డబ్బు దండగ.

ఇదంతా విని మా బావమరిది తన టర్బో కారుకూ ఒక సీసా తెమ్మన్నాడు. అతనిది డైరెక్ట్ ఇంజెక్షన్. పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే వెళ్తుంది, ఇన్‌టేక్ వాల్వు మీద పడదు. ఇంజెక్టర్ కొస వరకు మందు పనికొస్తుందేమో గానీ వాల్వు మడ్డిని మాత్రం ఇన్‌టేక్ విప్పి తీయాల్సిందేనని చెప్పాను. సీసా తేలేదు, బాబాయ్ ఫోన్ నంబరు ఇచ్చాను.

నా కారు మొన్న సర్వీసుకు వెళ్లింది. జాబ్ కార్డు మీద సంతకం పెట్టే ముందు ‘ఫ్యూయల్ సిస్టమ్ క్లీనింగ్’ వరుసను కొట్టేయించి, దాని కింద ‘ముందు రెండు కాలిపర్ల పిన్నులూ విప్పి గ్రీజు పెట్టాలి’ అని రాయించాను.