బ్లూటూత్ మొరాయిస్తే ముందు ఎక్కడ చూడాలి

హెడ్‌సెట్‌లో పాట శుభ్రంగా వస్తుంది. మీటింగ్‌లో చేరగానే గొంతులన్నీ పాత ల్యాండ్‌లైన్‌లోంచి మాట్లాడుతున్నట్టు అయిపోతాయి. కొత్త హెడ్‌సెట్ కొనే ముందు కాస్త ఆగండి, ఉన్నది పాడవలేదు.

బ్లూటూత్‌లో ఒక్కో పనికి ఒక్కో పద్ధతి ఉంటుంది, దాన్నే ప్రొఫైల్ అంటారు. పాటలకు వాడే ప్రొఫైల్ ఏ2డీపీ. స్టీరియో వస్తుంది, ఎస్‌బీసీ కోడెక్‌తో (శబ్దాన్ని కుదించి పంపే పద్ధతి) సాధారణంగా సెకనుకు 328 కిలోబిట్ల దాకా వెళ్తుంది. కానీ మామూలు వాడకంలో దాంట్లో శబ్దం ఒకవైపే నడుస్తుంది. మైక్ అవసరమైన క్షణంలో పరికరం కాల్స్‌కి వాడే ప్రొఫైల్ హెచ్‌ఎఫ్‌పీకి మారుతుంది. అక్కడ మోనోనే, శాంప్లింగ్ రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తుందన్నది) సాధారణంగా 8 లేదా 16 కిలోహెర్ట్జే. అందుకే ఆ మార్పు. సౌండ్ సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్‌ను ల్యాప్‌టాప్ మైక్‌కి మార్చి, అవుట్‌పుట్ హెడ్‌సెట్‌కే ఉంచితే సరిపోతుంది. కాల్ లేకపోయినా ఇలాగే ఉంటే, ఏదో యాప్ వెనకాల మైక్ పట్టుకుని కూర్చుందన్నమాట. కొత్త తరం బ్లూటూత్ ఆడియో పద్ధతి ఎల్‌ఈ ఆడియో హెడ్‌సెట్‌లోనూ, దాన్ని కలిపే పరికరంలోనూ ఉంటే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది.

కనెక్టే కాకపోతే అది వేరే సంగతి. జత చేసినప్పుడు రెండు పరికరాలూ ఒకే లింక్ కీని, అంటే ఒకదాన్నొకటి గుర్తుపట్టే రహస్య సంకేతాన్ని, దాచుకుంటాయి. హెడ్‌సెట్‌ను రీసెట్ చేస్తే దాని దగ్గర కీ పోతుంది, ఫోన్ మాత్రం పాతదే చూపిస్తుంది. ఫోన్‌లో ఆ పేరు తీసేసి మళ్లీ జత చేయాలి. అంతకుముందు జత చేసిన మిగతా ఫోన్లలో బ్లూటూత్ ఆపండి, లేదంటే హెడ్‌సెట్ వాటికే అతుక్కుంటుంది.

ఇక మధ్యమధ్యలో తెగిపోవడం. క్లాసిక్ బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 79 చానెళ్ల మీద సెకనుకు 1600 సార్లు దూకుతుంది. రద్దీ చానెళ్లను వదిలేసే తెలివి 1.2 వెర్షన్‌తో వచ్చింది, అయినా వైఫై బ్యాండంతా ఆక్రమిస్తే దూకడానికి చోటుండదు. వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి.

ఒంట్లోని నీరు కూడా ఈ తరంగాలను మింగేస్తుంది. ఫోన్ ఎడమ వెనక జేబులో, సిగ్నల్ అందుకునే ఇయర్‌బడ్ కుడి చెవిలో ఉంటే మధ్యలో అడ్డం మీరే. జేబు మార్చి చూడండి.

డెస్క్‌టాప్‌లో చాలామందికి తట్టని దోషి యూఎస్‌బీ 3.0. దాని కేబుల్, కనెక్టర్ల నుంచి వచ్చే రేడియో రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర కూడా ఉంటుంది. హార్డ్‌డిస్క్‌లోకి ఫైళ్లు కాపీ అవుతున్నప్పుడే మౌస్ తడబడుతోందా? పక్క పోర్టులోని బ్లూటూత్ డాంగిల్‌ను (పోర్టులో గుచ్చే చిన్న పరికరం) తీసి, అర మీటరు యూఎస్‌బీ 2.0 ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దూరంగా టేబుల్ మీదకి తెచ్చి పెట్టండి.