కైలాస పరిక్రమకు సంచి సర్దేటప్పుడు

కైలాస పరిక్రమ మొత్తం 52 కిలోమీటర్లు, మూడు రోజుల నడక. సామానులో ఏదైనా మరిచిపోతే నడక మొదలయ్యే ఊరు దార్చెన్‌లోనే కొనుక్కోవాలి. అది దాటాక దారిలో టీ గుడారాలు తప్ప మరేమీ దొరకవు. అందుకే పెద్ద లగేజీ దార్చెన్ గెస్ట్‌హౌస్‌లో వదిలేసి, ఈ మూడు రోజులకు కావలసింది మాత్రమే పక్కకు తీసుకున్నాం.

దాన్ని మళ్లీ రెండుగా విడదీయాలి: యాక్ (జడల బర్రె) మీద వెళ్లేది ఒకటి, వీపున ఉండేది ఒకటి. నా లెక్కలో అసలు సర్దడమంతా ఇదే. యాక్‌లు మన కోసం ఆగవు. ఒక్కోసారి మనకంటే ముందే పోతాయి, ఒక్కోసారి చీకటి పడ్డాక వస్తాయి. మధ్యాహ్నం వడగళ్లు పడుతుంటే రెయిన్‌కోటు యాక్ మీద ఉండి ప్రయోజనం లేదు. సాయంత్రం దాకా అవసరపడే ప్రతిదీ మన దగ్గరే ఉండాలి. పోర్టరును పెట్టుకున్నవాళ్లు కూడా పాస్‌పోర్టు, మందులు, కళ్లద్దాలు, డబ్బు నడుముకు కట్టుకునే పర్సులో ఉంచుకోవాలి. పోర్టర్లు మాటల్లో పడి ముందుకు వెళ్లిపోవడం మామూలే.

యాక్ సంచికి చక్రాల సూట్‌కేసు పనికిరాదు. తాళ్లతో బిగించి కడతారు, దారిలో బండలకు రాసుకుంటుంది. మెత్తని డఫెల్ బ్యాగే మేలు. బయటి కవరును గాలి ఎగరగొడుతుంది కాబట్టి లోపల మందపాటి ప్లాస్టిక్ సంచి వేసి, అందులో బట్టలు పెట్టి మూతి మెలితిప్పి కట్టాలి. స్లీపింగ్ బ్యాగు, రాత్రికి వేసుకునే పొడి థర్మల్స్, ఉన్ని సాక్సులు, చెప్పులు, టాయిలెట్ పేపరు అందులోకి వెళ్తాయి. ఆ రాత్రి సాక్సులతో పగలు నడవకూడదు. అవి తడిస్తే నిద్ర పట్టదు.

వీపు సంచి 25 లీటర్లది చాలు, నీళ్లతో కలిపి 5 కిలోలు దాటనివ్వొద్దు. అడుగున డౌన్ జాకెట్, మధ్యలో తిండి, అన్నిటికంటే పైన రెయిన్‌కోటు, గ్లవ్స్, మంకీ క్యాప్. చల్లగాలిలో వేళ్లు బిగుసుకుపోయాక సంచి అడుగు వెతకడం చాలా కష్టం. ఒంటిమీద కాటన్ బనియను వద్దు. ఎక్కేటప్పుడు పట్టిన చెమట అందులో నిలిచిపోయి, ఆగిన మరుక్షణం వణుకు పుట్టిస్తుంది. సింథటిక్ థర్మల్, దానిపైన ఫ్లీస్, ఆపైన గాలిని ఆపే జాకెట్ వేసుకుంటే ఎప్పటికప్పుడు ఒకటి విప్పి ఒకటి తొడుక్కోవచ్చు.

మొదటి రాత్రి బస చేసే డేరాపుక్ దాదాపు 5,000 మీటర్ల ఎత్తు. ఎదురుగా కైలాసం ఉత్తర ముఖం కనిపిస్తుంది. గదుల్లో పక్కపక్కనే మంచాలు, రజాయిలు ఉంటాయి. స్నానం సంగతి మరిచిపోవాలి. మరుగుదొడ్డికి చీకట్లో బయటికి వెళ్లాలి కాబట్టి తలకు పెట్టుకునే టార్చి దిండు పక్కనే ఉండాలి. చలికి బ్యాటరీలు దిగిపోతాయి. ఫోను, పవర్ బ్యాంకు స్లీపింగ్ బ్యాగులో ఒంటికి ఆనించి పెట్టుకోవాలి. నీళ్ల సీసాను తలకిందులుగా నిలబెడితే గడ్డ అడుగువైపు కడుతుంది, తెల్లవారి మూతి తెరుచుకుంటుంది. పైపుతో తాగే నీళ్ల సంచులు ఇక్కడ వద్దు, ముందు గడ్డకట్టేది ఆ పైపే.

రెండో రోజు తెల్లవారకముందే బయలుదేరి 5,630 మీటర్ల డోల్మా లా కనుమ ఎక్కాలి. ఆకలి చచ్చిపోతుంది, చపాతీ నోట్లో తిరుగుతుంది. ఖర్జూరం, వేరుశనగ చెక్కీ, పుల్లటి బిళ్లలు, ఓఆర్ఎస్ పొట్లాలు జాకెట్ జేబుల్లోనే ఉంచుకుని అరగంటకోసారి కొంచెం కొంచెం తినాలి. కర్పూరం వాసన చూస్తే ఊపిరి ఆడుతుందని చాలామంది మూట కట్టుకుని వస్తారు. ముక్కు తేలికపడినట్టు ఉంటుందే తప్ప ఒంటికి ఆక్సిజన్ పెరగదు. చిన్న ఆక్సిజన్ డబ్బా కూడా కొద్ది నిమిషాలే వస్తుంది. తలనొప్పి ముదిరి, వాంతులై, అడుగులు తడబడితే కిందికి దిగడమే వైద్యం. ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా వాడే డయామాక్స్ మాత్రను మామూలుగా 125 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, ఎత్తుకు వెళ్లే ముందురోజు నుంచే మొదలుపెడతారు. ఇది సల్ఫా రకం మందు, అవి పడనివాళ్లున్నారు కాబట్టి డాక్టరును అడగకుండా వేసుకోవద్దు. మూత్రం ఎక్కువగా రావడం, వేళ్లు తిమ్మిరెక్కడం దాని లక్షణాలే, కంగారు పడనక్కర్లేదు.

కనుమ దాటాక దిగుడు నిట్రంగా, బండలతో ఉంటుంది. అక్కడ ఒక నిమిషం ఆగి బూట్ల లేసులు చీలమండ దగ్గర గట్టిగా బిగించాలి. లేకపోతే పాదం ముందుకు జారి బొటనవేలి గోళ్లు నల్లబడతాయి. చేతికర్రలను ఎక్కేటప్పటికంటే కాస్త పొడవు చేసుకోవాలి. మంచు మీద ఎండ కళ్లను మాడ్చేస్తుంది. పక్కలు కూడా మూసిన యూవీ కళ్లద్దాలు తప్పనిసరి.

గౌరీకుండం దారికి బాగా దిగువన ఉంటుంది, దిగి మళ్లీ ఎక్కడం అందరివల్లా కాదు. తీర్థం తెచ్చుకోవాలనుకుంటే మందపాటి సీసా తీసుకెళ్లండి. ఆ ఎత్తులో మూత బిగించిన పల్చటి ప్లాస్టిక్ సీసా కిందికి వచ్చేకొద్దీ బయటి గాలి ఒత్తిడికి నొక్కుకుపోయి పగలొచ్చు. పైకి వెళ్లేటప్పుడు సన్‌స్క్రీన్ ట్యూబు ఉబ్బి కారేదీ ఇందుకే. జుతుల్‌పుక్‌లో రాత్రి గడిపి మూడో రోజు దార్చెన్ చేరాక, సీసా మూత ఒకసారి వదులు చేసి మళ్లీ బిగించండి.